ఏప్రిల్లో ఉండవు

కొర్లగుంటలో అద్దెకున్న ఇరవై రెండేళ్ళలో
మేం గోడకు కొట్టిన మేకులు మొత్తం ఏడు.
ప్రతి మేకుకూ ఓనరమ్మను అడిగాం.
ఎనిమిదోది అడిగిన రోజు
ఆమె గోడను ఒకసారి నిమిరి
ఏమీ అనకుండా లోపలికి పోయింది.
ఆ రాత్రి చెంగల్రాయులు
కుట్టుమిషన్ల రిపేరు రసీదుబుక్కు వెనక
ఊళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాడు.

ఇల్లుండాలి. ఇంటెనక నేలుండాలి.
ఎంత నేలంటే
పొద్దున్నే చెంబు పట్టుకుని బయల్దేరితే
చివరి మొక్కను చేరేలోపు నీళ్ళయిపోయి
మళ్ళీ వెనక్కి రావాల్సినంత.
ఇది నా కొలత.
ఆయన కొలత బ్యాంకు పాసుబుక్కు.

చంద్రగిరిలో నేలను అంకణాల్లో చెప్పారు.
ధర విని
నేను కూర్చున్న కుర్చీ ఎంత మేర ఆక్రమించిందో లెక్కేసుకుని
లేచి నిలబడ్డాను.

పలమనేరు దాటాక చలి బాగుంది, ఎర్రమట్టి బాగుంది,
ఇంటికి రెండు పక్కలా వాకిళ్ళు.
అరటిచెట్టు ఒక్కటీ లేదేమని అడిగితే
అమ్మేవాడు కొండవైపు చూసి
"వాళ్ళకిష్టం" అన్నాడు.
వాళ్ళెవరని గుచ్చి గుచ్చి అడిగేదాకా
ఏనుగులని చెప్పలేదు.
చెంగల్రాయులు వారం రోజులు నవ్వాడు.
నాకు మాత్రం ఇప్పటికీ ఆ ఇల్లే కల్లోకొస్తుంది.
ఏనుగులు ఎవర్నీ అడక్కుండా
గోడకు వీపు ఆనించుకుని నిలబడి ఉంటాయి.

పుత్తూరు దగ్గర చూసింది డీకేటీ పట్టా.
"అందరూ కొంటాండారక్కా" అన్నాడు బ్రోకరు గుణశేఖరు.
ఆ అందరి సంతకం
ఏ కాగితంలోనూ దొరకలేదు.
పీలేరు రోడ్డులో మామిడితోట. మోటారేస్తే
మొదట గాలి, తర్వాత తుప్పు,
తర్వాత సిగ్గుపడ్డట్టు ఒక గుక్కెడు నీళ్ళు.
"లో వోల్టేజి" అన్నాడు.

ఆరునెల్ల ఆదివారాలు బస్సుల్లోనే తెల్లారాయి.
డబ్బాలో పులిహోర, సంచిలో గొడుగు,
వచ్చేటప్పుడు ప్రతి ఊరి మట్టీ ఒక పొట్లం.
పొట్లాల మీద పేర్లు రాయడం మరిచాను.
ఏది ఏ ఊరిదో తెలీక
అన్నీ పెయింటు డబ్బాలో కలిపిపోసి కరివేపాకు పెట్టాను.
అది బతికింది.

పెనుమూరు దాటి రెండు మైళ్ళు.
రేకుల వసారా ఇల్లు, ముక్కాలెకరా, ఒక చేదబావి.
"ఏడాది పొడుగునా నీళ్ళేనక్కా,
చేత్తో ముంచుకోవచ్చు" అంటున్నాడు గుణశేఖరు.
గెనిమకు అవతల అనపకాయలు కోసుకుంటున్న ఆవిడ
నడుమెత్తకుండానే అంది:

"ఏప్రిల్లో ఉండవు మే.
ఎండలు ముదిరితే అడుగున కప్పలు కూడా ఎల్లిపోతాయి.
అప్పుడు మా బోరుకాడికి రావాల.
రెండు బిందెలిస్తా.
మూడోది అడగొద్దు."

గుణశేఖరు కళ్ళతో సైగ చేశాడు.
ఆమె ఆ సైగను కూడా కాయలతోపాటు ఒడిలో వేసుకుని
పక్క సాలులోకి పోయింది.
నేను చెంగల్రాయుల్ని చూశాను.
ఆయన అప్పటికే రసీదుబుక్కు తీసి
రెండు బిందెల్ని ముప్పైతో గుణిస్తున్నాడు.

ఈసీ తీయించాం. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించాం.
రిజిస్ట్రారాఫీసులో ఫ్యాను తిరగని మధ్యాహ్నం
గుమాస్తా హద్దులు చదివాడు:
తూర్పున వొంక,
దక్షిణాన బండిదారి,
ఉత్తరాన కానగచెట్లు,
పడమర దేశమ్మ చేను.
చివరిది వినపడనట్టు
ఇంకోసారి చదవమన్నాను.

ఇప్పుడు సామాన్లు సర్దుతున్నాం.
మేకులు ఏడూ పీకి, కన్నాల్లో సున్నం మెత్తి
ఓనరమ్మకు గోడ అప్పజెప్పాం.
అటక దించితే బిందెలు మూడు తేలాయి.
పెయింటు డబ్బా ఎట్లాగూ వేళ్ళకు పగులుతోంది,
మూడోదాని అడుగుకు చిల్లి కొట్టి
కరివేపాకు అందులోకి మార్చాను.